రూటమ్మ పూడ్చిన కన్నం

మా వదినను ఇంట్లో ఎలా పిలిచినా పలుకుతుంది గానీ, ఆఫీసులో మాత్రం రూటమ్మ అంటేనే తల తిప్పుతుంది. నగర బస్సుల సంస్థలో సర్వర్లు చూసుకునే మనిషి ఆవిడ. సర్వర్‌లో ఏ ఫైలునైనా తెరవగల, ఎవరినైనా ఆపగల, దేన్నైనా చెరిపేయగల పెద్ద ఖాతా ఒకటి ఉంటుంది. దాన్ని రూట్ అంటారు, అంటే వేరు. ఆ వేరు పట్టుకున్న మనిషి కాబట్టి రూటమ్మ. అదే సంస్థలో నలభై రెండో నంబరు బస్సు నడిపే మా అన్నయ్య, "ఆవిడదీ రూటే, నాదీ రూటే. కాకపోతే నా రూట్లో గుంతలు పైకి కనిపిస్తాయి" అంటుంటాడు.

ఆ ఉద్యోగం ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసులో టైపిస్టుగా చేరింది. అప్పట్లో సర్వర్లు చూసే ఇంజనీరు ఒకరోజు మధ్యాహ్నం మడత పెట్టిన కాగితం ఒకటి వదిన చేతిలో పెట్టి, "భోంచేసి వస్తాను, అందాకా దగ్గర ఉంచండి" అని వెళ్లాడు. ఇంతవరకూ ఆ భోజనం పూర్తి కాలేదు. మూడు వారాల తర్వాత సర్వర్ ఆగిపోయింది. "పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?" అని అరిచారు పైవాళ్లు. వదిన చెయ్యెత్తింది. ఎత్తిన ఆ చెయ్యి ఇరవై రెండేళ్లయినా దింపలేదు. పుస్తకాలు తెచ్చుకుని చదివింది, పాత మెషీన్ ఒకటి ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టుకుని దానిమీద తప్పులన్నీ చేసి నేర్చుకుంది. అసలు మెషీన్‌మీద మాత్రం తప్పు చేయలేదు.

సర్వర్ల గది అంటే పెద్దగా ఊహించుకోవద్దు. బస్సుల్లో జనం మరచిపోయిన వస్తువులు భద్రపరిచే హాల్లో ఒక మూలకు చెక్క అడ్డు కట్టి ఇచ్చారు. అడ్డుకు ఇటు రెండు సర్వర్లు, ఒక ఏసీ, వదిన కుర్చీ. అటు గొడుగులు, టిఫిన్ డబ్బాలు, జతలేని బూట్లు, రెండు కట్టుడుపళ్ల సెట్లు, వాటన్నిటికీ కాపలాగా ఒక గుమాస్తా. ఆయనను అందరూ గొడుగుల బాబాయ్ అంటారు. వదినా అలాగే పిలుస్తుంది. అంతకుముందు ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. అది మూతపడ్డాక ఇక్కడ చేరారు. అక్షరదోషం కనిపిస్తే కంట్లో నలుసు పడ్డట్టు గిజగిజలాడిపోయే రకం.

వచ్చిన ప్రతి వస్తువుకూ ఆయన సర్వర్‌లో వర్ణన రాసి, లేబుల్ కొట్టించి, దారంతో కట్టాలి. వేరేవాళ్లయితే "నల్ల గొడుగు, ఒకటి" అని రాసి ఊరుకుంటారు. బాబాయ్ అలా కాదు. వదిన నాకు ఒకసారి చదివి వినిపించింది:

"నల్ల గొడుగు. నలుపు అనడం అలవాటు కొద్దీ; నిజానికి చాలా ఎండలు చూసి అలసిపోయిన నలుపు. ఎనిమిది ఊచల్లో మూడోది ఒకప్పుడు విరిగితే రాగి తీగతో కట్టారు. కట్టినది ఎడమచేతి వాటం మనిషి, ముడి అటు తిరిగింది. పిడి చివర పళ్ల గాట్లు. ఎవరో ఎవరికోసమో చాలాసేపు నిలబడి కొరికినవి..." ఇలా నాలుగు పేజీలు.

"అంత లేబుల్ ఎలా కడతారు వదినా?" అన్నాను.

"గొడుగుకి లేబుల్ కట్టడం కాదు, లేబుల్‌కే గొడుగు కడతారు" అంది.

ఇలా జరుగుతుండగా ఒక సోమవారం ఉదయం నోటీసు వచ్చింది. సర్వర్లలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు పంపింది. సిస్టమ్‌తో పాటు వచ్చే లేబుళ్లు కొట్టే చిన్న ప్రోగ్రాంలో లోపం బయటపడిందట. ప్రింటర్‌తో నేరుగా మాట్లాడాలి కాబట్టి ఆ ప్రోగ్రాం రూట్ అధికారంతో నడుస్తుంది. రాసినది రెండు వందల అక్షరాలు దాటితే, కుదించుకోమని ఒక తెర తెరుస్తుంది. ఆ తెర తెరిచేముందు రూట్ అధికారాన్ని వదిలేయాలి. వదలడం లేదు. అంటే, మెషీన్‌లోకి మామూలుగా లాగిన్ అయిన ఎవరైనా సరే, ఆ తెరలోంచి ఏ ఫైలైనా తెరవచ్చు, ఏదైనా మార్చవచ్చు.

"బయటి దొంగ రాలేడు. లోపలున్నవాడికే దారి" అని వదిన నాకు విప్పి చెప్పింది. "ఇంట్లో అద్దెకున్నవాడు ఉప్పు అప్పు అడగడానికి వస్తే, ఉప్పు డబ్బాతోపాటు బీరువా తాళాలు కూడా చేతిలో పెట్టినట్టు."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా."

"ఈశ్వరుడి సంగతేమో గానీ, మా పెద్దసారు ఆమోదం లేనిదే నేను మెషీన్ రీస్టార్ట్ కూడా చేయలేను."

అదీ చిక్కు. లోపాన్ని సరిచేసే మందు నోటీసుతోపాటే వచ్చింది, ఎక్కించి రెండు సర్వర్లనూ ఒకసారి ఆపి లేపితే చాలు. కానీ ఆపితే బస్‌స్టాపుల్లో బస్సుల వేళలు చూపే బోర్డులు ఆగుతాయి. అందుకని జనరల్ మేనేజర్, అంటే పెద్దసారు, రాతపూర్వకంగా ఆమోదిస్తే తప్ప ఆపకూడదని నిబంధన. పోనీ ఆ లేబుల్ ప్రోగ్రాం ఒక్కదాన్నే ఆపి ఉంచుదామా అంటే కౌంటర్లలో పాసులు కొట్టేదీ అదే. కాబట్టి ఇంగ్లీషు నోటీసును నిబంధన ప్రకారం మన భాషలోకి మార్చి, కంప్యూటర్‌లో అర్జీగా పెట్టి, దాని ప్రతి పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. పైన శీర్షిక "స్థానిక వాడుకరుల అధికార స్థాయి పెంపు: నివారణ" అని పెట్టింది. అక్కడే పప్పులో కాలేసింది.

పెద్దసారు శీర్షిక రెండుసార్లు చదివారు. "స్థానికులకు స్థాయి పెరుగుతుంటే మనం నివారించడం ఏంటమ్మా?"

"స్థానికులంటే ఊరివాళ్లని కాదు సార్. మెషీన్‌లోకి ముందే లాగిన్ అయి ఉన్నవాళ్లు."

"అంటే మన స్టాఫే కదా?"

"మన స్టాఫే సార్."

"మన స్టాఫ్ పైకొస్తే నీకేంటి బాధ?"

"పైకి రావడం కాదు సార్. పైనుంచి కిందిదాకా మొత్తం వాళ్ల చేతికొస్తుంది."

"ప్రమోషనంటే అదేగా!" అన్నారు పెద్దసారు.

తలుపు దగ్గర వేరే పనిమీద నిలబడ్డ యూనియన్ నాయకుడు చివరి రెండు మాటలే విన్నాడు. గంట తిరిగేసరికి మెట్ల మీద జనం. స్టాఫ్‌కి రావలసిన స్థాయి పెంపును కంప్యూటర్ సెక్షన్ అడ్డుకుంటోందని గోల. వదిన బయటికొచ్చి చేతులూపింది. "అది ప్రమోషన్ కాదు బాబూ, కన్నం. సర్వర్‌లో కన్నం పడింది."

"ఆ కన్నం వల్ల ఎంతమందికి లాభం?" అని అడిగాడు నాయకుడు.

అబద్ధం ఆడడం వదినకు చేతకాదు. "లాగిన్ ఉన్న నూట డెబ్బై మందికీ" అంది.

"అయితే నూట డెబ్బై మందికీ కన్నం ఇవ్వాల్సిందే! సీనియారిటీ ప్రకారం!"

మెట్లమీద చప్పట్లు మోగాయి. పాసుల కౌంటర్లో పనిచేసే ఒకావిడ వదినను పక్కకు పిలిచి, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లకు కూడా కన్నం వర్తిస్తుందా అని మెల్లగా అడిగింది. అడగడంలో తప్పు లేదు, సెలవు పెడితే రావలసినవన్నీ ఆపేసే ఆఫీసు అది.

ఆ గోల విని పెద్దసారు కిటికీ మూసుకుని, వదిన అర్జీని కంప్యూటర్‌లో తెరిచి, కింద ఒక్క మాట టైపు చేశారు. "ఆమోదించలెదు." 'లే'కి దీర్ఘం ఇవ్వలేదు. ఆయన ఎప్పుడూ ఇవ్వరు.

వదిన కుర్చీలోకొచ్చి కూలబడింది. మూయనివ్వకపోతే పోనీ, కనీసం ఆ దారిలో ఇప్పటికే ఎవరైనా వెళ్లారేమో చూద్దామని మెషీన్ తన చర్యలు రాసుకునే చిట్టా తెరిచింది. తెరిచి, పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. నాలుగు నెలలుగా రోజూ పదీ పన్నెండు గంటల మధ్య ఎవరో రూట్ అధికారంతో ఫైళ్లు తెరుస్తున్నారు. మొత్తం పదకొండు వందల నలభై ఫైళ్లు. అన్నిట్లోనూ మార్పులు. ఖాతా పేరు చూస్తే, గొడుగుల సెక్షన్.

వదిన లేచి చెక్క అడ్డు దాటి అటు వెళ్లింది. బాబాయ్ ఒంటికి శాలువా చుట్టుకుని ఒక టిఫిన్ డబ్బా మూతను వెలుతురులో తిప్పి చూస్తున్నారు.

"బాబాయ్ గారూ, మీరు పొద్దున పూట ఏం చేస్తుంటారు?"

"గొడుగులు రాస్తాను."

"ఆ తర్వాత?"

"తప్పులు దిద్దుతాను."

"ఎవరి తప్పులు?"

"అందరివీ" అన్నారు బాబాయ్, వాన పడుతోంది అన్నంత మామూలుగా. "వర్ణన ఎక్కువైంది, కుదించమని ఒక తెర వస్తుందమ్మా. పైన 'ఫైలు తెరువు' అని రాసి ఉంది. తెరవమన్నది కదా అని తెరిచాను. అబ్బబ్బ, ఎన్ని తప్పులు తల్లీ! సర్క్యులర్లలో సున్నాలు లేవు, వత్తులు లేవు. 'ప్రదాన ద్వారం' అని ఉంది. ద వచ్చి ధ స్థానంలో కూర్చుంటే చూస్తూ ఊరుకోగలనా? పెద్దసారు ఉత్తరాలైతే అన్నంలో రాళ్లు పంటికి తగిలినట్టు ఉండేవి. పాపం, ఇప్పుడు బాగుపడ్డాయి."

"అన్ని ఫైళ్లూ చూశారా?"

"దాదాపు అన్నీ. ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదమ్మా. దాంట్లో ఒక్క మాటకూ అర్థం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వదిలేశాను. రాసినవాడికి మతి ఉండి రాసినట్టు లేదు."

అది అందరి పాస్‌వర్డ్‌లూ గుర్తుపట్టకుండా దాచే ఫైలు. అందులో ఒక్క అక్షరం దిద్ది ఉంటే సంస్థలో ఒక్కరు కూడా మర్నాడు లోపలికి రాగలిగేవారు కాదు. వదిన గొడుగుల రాక్ పట్టుకుని నిలబడింది.

"బాబాయ్ గారూ, ఇక మీరు ఆ తెరలోకి వెళ్లకూడదు. మీకు ఆ హక్కు లేదు."

ఆయన నొచ్చుకున్నారు. "తప్పు దిద్దడానికి హక్కెందుకమ్మా? కళ్లుంటే చాలుగా."

"కన్నం మూసేదాకానన్నా ఆగండి. మూయడానికి పెద్దసారు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. నాకు మాటివ్వండి."

"సరేనమ్మా. రేపటి నుంచి ముట్టుకోను" అన్నారు. అక్షరం మీద ఎంత పట్టో మాట మీదా ఆయనకు అంత పట్టు. రేపటి నుంచి అన్నారంటే రేపటి నుంచే.

మర్నాడు పొద్దున వదిన అర్జీ తెరిచి చూస్తే, కింద "ఆమోదించాను" అని ఉంది.

ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పెద్దసారు మనసు మారిందనుకుంది. ఇంటికి ఫోన్ చేసి మా అన్నయ్యతో, "ఇవాళ రెండింటికి రీస్టార్ట్. నీ రూట్లో బోర్డులు ఐదు నిమిషాలు నల్లబడితే కంగారు పడకు" అని కూడా చెప్పింది. మందును ముందు పరీక్ష కోసం ఉంచిన మూడో మెషీన్‌కి ఎక్కించి, అంతా బాగుందని చూసుకుంది. అప్పుడు చెక్క అడ్డు మీంచి బాబాయ్ తల పైకి లేచింది.

"ఆ మాట బాగానే కుదిరిందా అమ్మా?"

"ఏ మాట?"

"నిన్న సాయంత్రం పెద్దసారు ఫైల్లో 'ఆమోదించలెదు' అని కనిపించింది. లెదు అనే మాట మన భాషలో లేదు కదా. లేని మాటను తీసేశాను. తీసేస్తే 'ఆమోదించ' అని మిగిలింది. వాక్యం అలా గాల్లో వేలాడితే బాగుండదు కదా, పూర్తి చేశాను. నిన్నటి తారీఖుతోనే చేశాను, మాట తప్పలేదు."

వదిన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. కన్నం మూయడానికి ఆమోదం ఆ కన్నంలోంచే వచ్చింది. మూస్తే దొంగ కాగితంతో పని చేసినట్టు. మూయకపోతే నూట డెబ్బై మంది చేతుల్లో బీరువా తాళాలు. మా వదిన స్థానంలో నేనుంటే కళ్లు మూసుకుని బటన్ నొక్కేదాన్ని. ఆవిడ చీర కొంగు సర్దుకుని, నేరుగా పెద్దసారు గదికి నడిచింది.

"సార్, అర్జీ మీద ఆమోదించాను అని ఉంది. అది మీరు రాసింది కాదు."

పెద్దసారు తెర మీదకి వంగి చూశారు. "నా ఖాతాలో, నా సంతకం కింద ఉన్నది నేను రాసింది కాకపోతే ఇంకెవరు రాస్తారమ్మా?"

"గొడుగుల బాబాయ్ గారు సార్. కన్నంలోంచి వెళ్లి."

పెద్దసారు పగలబడి నవ్వారు. "ఆయనా! ప్రింటర్లో కాగితం పెట్టడానికి కూడా నిన్నే పిలుస్తాడు."

"మీరు నిన్న ఆమోదించలేదన్నారు కదా సార్. గుర్తు లేదా?"

"రోజుకి నలభై ఫైళ్లమ్మా. ఎన్నని గుర్తుంటాయి? కాగితం మీద ఏముంటే అదే నేను అన్నది." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "అసలు ఈ మధ్య నా భాష ఎంత మెరుగుపడిందో గమనించావా? హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఇంత చక్కగా 'ఆమోదించాను' అని రాసినవాణ్ని నేను కాదంటావా?"

ఆవిడ ఇంకోసారి చెప్పింది. ఆయన ఇంకోసారి ఆమోదించారు, ఈసారి నోటితో. "వెళ్లి పని చూసుకో."

అలా రెండు గంటలకు పని మొదలైంది. లాగిన్ అయి ఉన్నవాళ్లందరినీ బయటికి పంపించింది. రెండు సర్వర్లకూ మందు ఎక్కించింది, ఆపింది, లేపింది. అవి లేవడానికి పట్టిన నాలుగు నిమిషాలూ వదిన నిలబడే ఉందట. లేచాయి. లోపం ఉందో లేదో పరీక్షించింది. పొడుగు వర్ణన ఒకటి ఇచ్చి చూస్తే, తెర తెరుచుకుంది గానీ ఫైళ్లేవీ కనబడలేదు. కన్నం పూడింది. వదిన కుర్చీలో కూర్చుని మొదటిసారి టీ తాగింది.

కానీ మెషీన్లు లేచేటప్పుడు ఒక తమాషా జరుగుతుందట. వాటికి తగిలించిన పరికరాల్లో ఏది ముందు పలికితే దానికి ఒకటో నంబరు, తర్వాతదానికి రెండో నంబరు. ఇరవై రెండేళ్లుగా బోర్డులు ముందు పలికేవి, లేబుల్ ప్రింటర్ తర్వాత. ఆ రోజు ప్రింటర్ ముందు పలికింది.

నేను పనిచేసే కళ్లద్దాల దుకాణానికి ఎదురుగానే బస్‌స్టాపు. తలెత్తి చూద్దును కదా, బోర్డు మీద బస్సు నంబర్లకు బదులు వాక్యాలు పారుతున్నాయి: "నలుపు అనడం అలవాటు కొద్దీ, నిజానికి చాలా ఎండలు చూసి అలసిపోయిన నలుపు..." స్టాపులో ఉన్నవాళ్లందరూ నోళ్లు తెరుచుకుని చదువుతున్నారు. కళ్లజోడు కొలతకొచ్చిన పెద్దాయన ఒకరు మా పరీక్ష అద్దాలతోనే బయటికి పరుగెత్తాడు. నగరంలోని రెండు వందల పది స్టాపుల్లోనూ అదే. మెషీన్లు ఆపకముందే అచ్చుకు పంపి ఉన్న గొడుగు వర్ణన ప్రింటర్‌కు బదులు బోర్డులకు పోయిందన్నమాట. మా అన్నయ్య బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు లేరు. హారన్ కొట్టాడు.

"ఎక్కరేంటండీ?"

"ఉండవయ్యా, పిడి చివర పళ్ల గాట్ల దగ్గరికొచ్చింది!" అని ఎవరో కసిరారు. అన్నయ్య బండి ఆపేసి దిగి తనూ చదివాడు.

అక్కడ ఆఫీసులో లేబుల్ ప్రింటర్ దారి ఇంకోటి. "నలభై రెండు, ఐదు నిమిషాల్లో", "పదిహేడు, బయలుదేరింది" అని గడగడా లేబుళ్లు కక్కుతోంది. బాబాయ్ వాటిని ఒక్కొక్కటే చింపి, వరసగా గొడుగులకు కట్టేస్తున్నారు. వదిన అటు చూసేసరికి ముప్పై ఎనిమిది గొడుగులు ఐదేసి నిమిషాల్లో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి.

"బాబాయ్ గారూ, ఇవి బస్సుల సమయాలు!"

"నేనూ అనుకున్నానమ్మా. కానీ తప్పులేమీ లేవు, ఇంక కట్టక ఏం చేయను?"

వదిన ఒక్క దూకున తెర ముందుకొచ్చి రెండు నంబర్లూ తారుమారు చేసింది. బోర్డులు దారికొచ్చాయి. మొత్తం పదకొండు నిమిషాలు. ఆవిడ ఉద్యోగంలో మొదటి తప్పు అది, తన తప్పు కాకపోయినా తన చేతిమీదుగా జరిగింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గంటసేపు కూర్చుంది. అన్నయ్య ఓదార్చబోయాడు. "నా సర్వీసులో జనం నన్ను చూసి సంతోషపడకపోవడం అలవాటే గానీ, నన్ను చూడనే చూడకపోవడం ఇదే మొదటిసారి" అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు ఆ నల్ల గొడుగు నాదంటే నాదని ముప్పై ఒక్కమంది వచ్చారు. అందులో నేనూ ఒకదాన్ని, దాచడమెందుకు. మామూలుగా అయితే బాబాయ్ గుర్తులు అడిగి సరైనవాళ్లకి ఇస్తారు. కానీ గుర్తులన్నీ నగరమంతా చదివేసింది. మూడో ఊచ, రాగి తీగ, ఎడమ వాటం ముడి, అందరూ అప్పజెప్పేస్తున్నారు. బాబాయ్ చాలాసేపు ఆలోచించి, "పిడి నోటి దగ్గర పెట్టుకుని చూపించండి, గాట్లు ఎవరి పళ్లకి సరిపోతే వాళ్లది" అన్నారు. ముప్పై ఒక్కమందిమీ వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరం గొడుగు పిడి పళ్లకు దగ్గరగా పట్టుకుని పక్కకు తిరిగి చూపించాం. ఎవరివీ కలవలేదు. చివర్లో ఒక దర్జీ సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

"నిజానికి నాది కాదండీ. ఇంత బాగా రాసిన గొడుగు ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను."

ఆ మాటతో వరస మొత్తం కదిలింది. దాదాపు అందరం అందుకే వచ్చామని తేలింది. గొడుగును చేతులు మార్చుకుంటూ చూసి, మూడో ఊచ ముట్టుకుని, ఇచ్చేసి వెళ్లాం. బాబాయ్ ఆ రోజు కళ్లజోడు తీసి ఎన్నిసార్లు తుడుచుకున్నారో నేను లెక్కపెట్టలేదు.

పై వారం విచారణకు హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. వదిన ఎదురుగా కూర్చుంది, పక్కన పెద్దసారు.

"మీరు మూసిన కన్నం చూపించండి."

"మూసేశాను సార్."

"మూసేసినది అంతకుముందు ఉందని రుజువేంటి?"

"చిట్టా ఉంది సార్. తయారీవాళ్ల నోటీసూ ఉంది."

"అవి కాగితాలు. నాకు కన్నం కావాలి. పరీక్ష మెషీన్ ఉందన్నారుగా?"

"దానికే మొట్టమొదట మూశాను సార్."

ఆయన పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "అయితే ఒక పది నిమిషాలు మళ్లీ తెరవండి. చూసి వెళ్తాను."

వదినకు జీవితంలో ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "కుట్టు వేసిన గాయం మళ్లీ విప్పమంటే ఏ డాక్టరైనా విప్పుతాడా సార్? విప్పాలంటే రీస్టార్ట్ చేయాలి, దానికి పెద్దసారు ఆమోదం కావాలి. అడగండి."

బోర్డుల మీద ఇంకో నాలుగు పేజీల గొడుగు పారుతుందేమోనన్న భయంతో పెద్దసారు అప్పటికప్పుడు కాగితం లాక్కుని రాసి ఇచ్చారు. "ఆమోదించలెదు."

విచారణాధికారి ఆ కాగితాన్నీ, అంతకుముందు అర్జీ మీదున్న "ఆమోదించాను"నూ పక్కపక్కన పెట్టి చూశాడు. "సార్, మీకు 'లే'కి దీర్ఘం ఇచ్చే అలవాటు లేదా?"

"ఎప్పుడూ లెదు" అన్నారు పెద్దసారు.

"మరి ఈ నాలుగు నెలల్లో మీ సర్క్యులర్లలో ఒక్క తప్పూ లేదేం?"

విచారణాధికారి సర్క్యులర్ల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. ఆయన ఒక్కో కాగితం తీసి చూడడం మొదలుపెట్టాడు. తప్పు లేని ప్రతి కాగితం మీదా అనుమానపు గుర్తు. అలా పోతూ పోతూ, తను వెంట తెచ్చుకున్న విచారణ నిబంధనల పుస్తకం తెరిచాడు. అది కూడా రెండు నెలల కిందట ఈ సర్వర్ నుంచే అచ్చయింది. పది పేజీలు తిప్పాడు, ఇరవై తిప్పాడు. ఒక్క అక్షరదోషం లేదు. మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు. ఆ పుస్తకంలో ఎవరేం మార్చారో తెలియకపోతే, ఈ విచారణ చేసే అధికారం తనకుందో లేదో కూడా తెలియదు. మెల్లగా పుస్తకం మూసి, ఇంక ప్రశ్నలు లేవని లేచి వెళ్లిపోయాడు.

పది రోజులకు ఒకే కవరులో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఉన్నట్టు రుజువు కాని కన్నాన్ని సమర్థంగా పూడ్చినందుకు వదినకు అభినందన ఒకటి. పదకొండు నిమిషాల అంతరాయానికి వదినకే మందలింపు రెండోది. రెండింట్లోనూ కలిపి పద్నాలుగు తప్పులు. బాబాయ్ మీద ఏ చర్యా లేదు, ఎందుకంటే కన్నమే లేనప్పుడు అందులోంచి ఆయన వెళ్లే వీల్లేదు. పెద్దసారు మాత్రం తన ఉత్తరాలు పంపేముందు కాగితం మీద అచ్చు తీసి, ఎవరూ చూడకుండా చెక్క అడ్డు మీంచి అటు వేయడం అలవాటు చేసుకున్నారు. అవి ఎర్ర పెన్సిల్ గీతలతో తిరిగి వస్తాయి. దానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు.

వదినను కలవరపెట్టింది ఉత్తరాలు కాదు, అడ్డు అవతలి నిశ్శబ్దం. అంతకుముందు కుదించమని అడిగి ఊరుకునే లేబుల్ ప్రోగ్రాం, కన్నం పూడ్చాక రెండు వందల అక్షరాల దగ్గర ఖచ్చితంగా ఆపేస్తోంది. కుదించడం బాబాయ్‌కి రాదు. అందుకని "నల్ల గొడుగు", "నీలం గొడుగు" అని రాసి చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. ఇదివరకు రోజంతా టకటకలాడే ఆ కీబోర్డు పది నిమిషాల్లో ఊరుకుంటోంది. మెషీన్ బాగుపడింది, మనిషి మూగపోయాడు అంది వదిన నాతో. నాలుగు రోజులు కూర్చుని ఆవిడే ఒక చిన్న పేజీ తయారుచేసింది. లేబుల్‌తో దానికి సంబంధం లేదు, ప్రింటర్‌తో లేదు, రూట్‌తో అసలే లేదు. మూడు రకాలుగా పరీక్షించాక బాబాయ్‌ని పిలిచి చూపించింది.

"ఇందులో ఎంతైనా రాయొచ్చా?" అన్నారాయన అనుమానంగా.

"ఎంతైనా రాయండి."

"ఎక్కువైందని తెర రాదు కదా?"

"రాదు బాబాయ్ గారూ. ఇందులో ఎంత రాసినా ఏ తలుపూ తెరుచుకోదు, ఎవరి స్థాయీ పెరగదు."

ఆయన కాసేపు తెరను తేరిపార చూశారు. "అయితే తొందరేం లేదు" అని కుర్చీ దగ్గరికి లాక్కుని, శాలువా సర్దుకుని, రాక్ కింది అరలోంచి ఒంటరి ఎడమకాలి బూటును తీసి బల్లమీద నిలబెట్టుకున్నారు.